పంతులు కేసు వేయవచ్చా

"నువ్వే ప్రారబ్ధమని చెప్తివి, నువ్వే కేసేస్తివి. గిదెట్ల పంతులూ?"

అంకాపూర్‌లో ఒక పసుపు రైతు నన్ను ఇట్లా అడిగాడు. ఆయన తండ్రి పోయినప్పుడు పదో రోజు కర్మ నేనే చేయించాను. ఆ రోజు ఏడుస్తున్న ఇంటివాళ్లకు నేను చెప్పిన మాటే ఆయన నాకు తిరిగి అప్పజెప్పాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆర్మూర్, పెర్కిట్, మామిడిపల్లిలో నేను పూజలు, కర్మలు చేయించే యజమానుల ఇళ్లలో సగం మంది మనసులో ఇదే ఉంది. పైకి అన్నది ఆయనొక్కడే. ముప్పై ఏళ్లుగా పంచాంగం పట్టుకుని తిరుగుతూ ఎంతమంది తలరాతను వాళ్లకు చదివి వినిపించానో, ఇప్పుడు నా తలరాత దగ్గరికి వచ్చేసరికి వకీలును ఎందుకు పెట్టుకున్నానో చెప్పక తప్పదు.

2023 కార్తికం. తెల్లవారుజామున సత్యనారాయణ వ్రతం చేయించడానికి టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద బాల్కొండ వైపు పోతున్నాను. జాతీయ రహదారి 44 పక్క సర్వీసు రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచుకు రాళ్లు పేర్చి ఉన్నాయి. రాళ్లను తప్పించి నడిమికి వచ్చాను. వెనుక నుంచి కారు తగిలింది. కుడి మణికట్టు ఎముకలు ముక్కలయ్యాయి. ప్లేటు వేసి, స్క్రూలు బిగించి అతికించారు. ఎముక అతుక్కుంది కూడా. కానీ అరచేయి పైకి తిరగడం మానేసింది, బొటనవేలి కొసలో స్పర్శ పోయింది.

ఆ మాత్రానికేనా అనిపించవచ్చు. బ్యాంకులో పనిచేసే మా బావమరిదికి ఇదే జరిగి ఉంటే నెల తిరక్కుండా కౌంటర్లో కూర్చునేవాడు. కలం పట్టుకోవచ్చు, మీటలు నొక్కవచ్చు. నా సంగతి వేరు. ఆచమనానికి కుడి అరచేతిని ఆవుచెవి ఆకారంలో ముడిచి, మినపగింజ మునిగేంత నీళ్లు పట్టాలి. అరచేయి పైకి తిరగనివాడికి నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? ఇక పసుపు గణపతి. ఏ శుభకార్యమైనా ఆయనతోనే మొదలు. పసుపులో నాలుగు చుక్కల నీళ్లు చల్లి, బొటనవేలు, మూడు వేళ్ల మధ్య ఒత్తుతూ గోపురంలా లేపాలి. నీళ్లు ఎక్కువైతే జారి కూలబడతాడు, తక్కువైతే పగుళ్లిస్తాడు. ఆ తేడా కళ్లకు తెలియదు, బొటనవేలి కొసకే తెలుస్తుంది. మా ప్రాంతపు పసుపు కొమ్ము దంచితే వచ్చే పొడికి ఒక తీరు ఉంటుంది, దుకాణంలో దొరికే పొట్లం పొడికి ఇంకో తీరు. కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ని. ఇప్పుడు మా ఆవిడ ఇంట్లోనే గణపతిని చేసి తమలపాకు మీద పెట్టి డబ్బాలో ఇస్తున్నది. ఎడమచేత్తో తీర్థం ఇస్తే పుచ్చుకునే యజమాని ఆర్మూర్‌లో ఇంకా పుట్టలేదు. తప్పు వాళ్లది కాదు. వద్దని నేర్పినవాళ్లం మేమే.

నేను ఆస్పత్రిలో ఉండగానే పెద్దమనుషులు వచ్చారు. కారు నడిపిన పిల్లవాడికి ఇరవై ఏళ్లు దాటాయో లేదో. లైసెన్సు ఉంది, బండికి ఇన్సూరెన్సూ ఉంది. అయితే తండ్రి దుబాయిలో ఉన్నాడు, కొడుకును కూడా పిలిపించుకునే ప్రయత్నంలో ఉన్నాడు. ఎఫ్‌ఐఆర్ అయితే పోలీసు క్లియరెన్సు రాదు, వీసా ఆగిపోతుంది. "దవాఖాన ఖర్చు మేం పెట్టుకుంటం, కేసు వద్దు పంతులూ. మీదికెళ్లి రాసిపెట్టి ఉన్నది, ఎవ్వలు మాత్రం ఏం చేస్తరు" అన్నారు. మా దిక్కు గ్రామాభివృద్ధి కమిటీల మాటకు కోర్టు మాట కన్నా బరువెక్కువ. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆ పిల్లవాడి తల్లి కళ్లనీళ్లు దొంగవీ కావు.

కానీ మంచం మీద పడుకుని ఆలోచిస్తుంటే ఒకటి తట్టింది. ప్రారబ్ధం గురించి ఇంత మృదువుగా నాకు ఇంతకు ముందెవరూ బోధించలేదు. ఇవ్వవలసినవాడు బోధిస్తుంటే పుచ్చుకోవలసినవాడు వింటున్నాడు. ఇన్నేళ్లుగా నేను ఆ మాట చెప్పిన చోట్లన్నీ గుర్తు చేసుకున్నాను. కూలివాడు మిషన్‌లో చేయి పోగొట్టుకున్న ఇంట్లో నా మాట ఎవరికి ఓదార్పు అయింది? వాడికా, మిషన్ యజమానికా?

శాస్త్రం చెప్పేది తిన్నగా చూద్దాం. మనం కూడబెట్టుకున్నది సంచితం, అందులోంచి ఈ జన్మలో అనుభవానికి వచ్చింది ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తూ ముందుకు పేర్చుకునేది ఆగామి. నాకు దెబ్బ తగలడం నా ప్రారబ్ధం అనుకుందాం, ఒప్పుకుంటాను. కానీ ఫోను చూస్తూనో, నిద్రమత్తులోనో కారు తోలడం ఆ పిల్లవాడి ఆగామి. నా ప్రారబ్ధం వాడి ఆగామిని కొట్టివేయదు. ఒకే దెబ్బ రెండు లెక్కల్లో రాసి ఉంటుంది. నా పద్దు చూపించి వాడి పద్దు చింపేయడం ఏ సిద్ధాంతమూ ఒప్పదు.

భారతంలో మాండవ్యుడి కథ మనకు కొత్తది కాదు. దొంగలు సొత్తు తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచారు. రాజభటులు మౌనవ్రతంలో ఉన్న మునిని పట్టుకుపోయి కొరత వేశారు. తర్వాత నిజం తెలిసి రాజు క్షమించమన్నాడు, ముని క్షమించాడు. కథ అక్కడితో అయిపోతే మనకందరికీ హాయిగా ఉండేది. అవలేదు. ఆ ముని నేరుగా యముడి దగ్గరికి పోయి, ఏ పాపానికి ఈ శిక్ష అని లెక్క అడిగాడు. చిన్నతనంలో పురుగులకు పరక గుచ్చావు, అందుకని యముడు చెప్పాడు. ఇంత చిన్న తప్పుకు అంత పెద్ద శిక్షా అని ముని యముణ్నే శపించాడు. ఆ శాపం వల్లే యమధర్ముడు విదురుడై పుట్టాడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు చేసినది పాపం కాదని కొత్త నియమం కూడా ఆ ముని పెట్టిందే. కర్మఫలం అనే మాట విని తలవంచుకు పోలేదాయన. కొలత సరిగ్గా ఉందా అని అడిగాడు. క్షమించినవాడూ ఆయనే, లెక్క అడిగినవాడూ ఆయనే. రాజును వదిలేశాడు, యముణ్ని వదల్లేదు. నా జవాబుకు మూలం అక్కడుంది.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బండి ప్రమాదాల మీద కొన్ని శ్లోకాలున్నాయి. మనువు పేరెత్తితే ముఖం తిప్పుకునేవాళ్లున్నారు. కులాన్ని బట్టి శిక్షలు కట్టిన పుస్తకం మీద ఎవరికైనా కోపం వస్తే దానికి నేను అడ్డుపడను. కానీ ఈ శ్లోకాల్లోని ఆలోచన మాత్రం చూడదగ్గది. ముక్కుతాడు తెగింది, కాడి విరిగింది, ఇరుసు విరిగింది, చక్రం పగిలింది, తొలగండి తొలగండి అని బండివాడు అరిచాడు, ఇట్లా పది సందర్భాల్లో దండన లేదు. బండివాడి చేతగానితనం వల్ల బండి దారి తప్పి హాని జరిగితే బండి యజమానికి జరిమానా. బండివాడు నేర్పరి అయి ఉండీ చేశాడంటే వాడికే జరిమానా. చేతకానివాడని తెలిసీ ఎక్కి కూర్చుంటే ఎక్కినవాళ్లకూ తలా ఇంత. ఆ అధ్యాయంలోనే, దెబ్బ తగిలినవాడి వైద్యం ఖర్చు కొట్టినవాడే పెట్టుకోవాలని కూడా ఉంది. ఇంత విడమరిచిన చోట, దెబ్బ తిన్నవాడి పూర్వజన్మ ఏమిటన్న విచారణ లేదు. తాడు తెగిందా, ఎవడు తోలాడు, బండి ఎవడిది, ఇవే ప్రశ్నలు. 1988 మోటారు వాహనాల చట్టం కింద నేను వేసిన పిటిషన్‌లోనూ దాదాపు ఇవే. కాకపోతే మొదటి ప్రతివాది డ్రైవరు, రెండో ప్రతివాది బండి ఓనరు, మూడో ప్రతివాది ఇన్సూరెన్సు కంపెనీ. ఆ మూడోవాడు మనువుకు తెలియడు.

మన తెలుగువాళ్లకు సొంతంగా ఒక ప్రమాద కథ ఉంది. బెజవాడ మాధవవర్మ కొడుకు రథం కింద చింతచిగురు అమ్ముకునే ఆవిడ బిడ్డ పడి చనిపోయాడు. రాజు కొడుకుకు మరణశిక్ష వేశాడు. ఆ ధర్మనిష్ఠకు మెచ్చి అమ్మవారు కనకవర్షం కురిపించిందని చెబుతారు. పిల్లలిద్దరూ బతికొచ్చారని కూడా చెప్పేవాళ్లున్నారు. ఈ కథ నేనే ఎన్ని నవరాత్రుల్లో చెప్పానో. మంచం మీద పడుకున్నాకే ఆ తల్లి మీదికి నా ధ్యాస పోయింది. రాజు న్యాయమూర్తిగా నిలబడ్డాడు, కొడుకు ప్రాణం ఒడ్డాడు, దేవత మెచ్చింది, పేరు రాజుది. చింతచిగురు తట్ట నెత్తిన పెట్టుకున్న ఆవిడకు మర్నాడు పూట ఎట్లా గడిచిందో కథలో లేదు. శిక్ష మీద మనకు ఉన్న మోజు నష్టం పూడ్చడం మీద లేదు.

పెర్కిట్‌లో వెల్డింగ్ షాపు నడిపే సాహెబ్ ఒకాయన చాలా ఏళ్లు దుబాయిలో పనిచేసి వచ్చాడు. నా ఎక్స్‌ఎల్ హ్యాండిల్ సరిచేసింది ఆయనే. నా సందేహం విని ఆయన తన వైపు మాట చెప్పాడు. పొరపాటున ఒకడి చేతిలో ఇంకొకడి ప్రాణం పోతే ఖురాన్ ప్రకారం రెండు బాకీలు పడతాయి. చనిపోయినవాడి కుటుంబానికి దియా, అంటే ప్రాణానికి పరిహారం, ఇవ్వాలి, అది వాళ్లు కావాలంటే వదులుకోవచ్చు. దేవుడి ముందు వేరే ప్రాయశ్చిత్తం ఉంది. బానిసను విడిపించాలి, వీలుకాకపోతే రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసం ఉండాలి. యూఏఈ చట్టంలో ఆ దియా 2 లక్షల దిర్హాములు. "ఇంటోళ్లు మాఫ్ చేస్తే పైసలు మాఫ్ పంతులుగారూ, రోజాలు మాఫ్ గావు" అన్నాడు సాహెబ్.

ఆ మాట వినగానే నాకు యాజ్ఞవల్క్య స్మృతి గుర్తొచ్చింది. దాంట్లో మూడు అధ్యాయాలు: ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం. దాని మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కూడా. అప్పు, సాక్ష్యం, దెబ్బ, జరిమానా, అన్నీ వ్యవహారం. పాపం, దాన్ని కడుక్కోవడం ప్రాయశ్చిత్తం. మా పౌరోహిత్యంలో మొదటిదీ మూడోదీ మిగిలాయి, నడిమిది కోర్టుకు పోయింది. పోయింది గనుక లేదనుకున్నాం. క్షమ ప్రాయశ్చిత్తం గదిలో మాట, పరిహారం వ్యవహారం గదిలో మాట. ఒక గదిలో మాట తెచ్చి ఇంకో గదిలో చెల్లించమంటే నష్టపోయేది ఎప్పుడూ బలం లేనివాడే.

కేసు వేయాలా వద్దా తేల్చుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలే. 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు ఆరు నెలల్లోగా మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పిటిషన్ పడాలి. మోక్షం గురించి ఎన్ని జన్మలైనా ఆలోచించుకోమన్న దేశంలో ఇదొక తమాషా.

వకీలును మొదట అడిగింది పిల్లవాడి గురించే. ఎఫ్‌ఐఆర్ లేకుండా ఇన్సూరెన్సు కంపెనీ పైసా కదలదు, ఎఫ్‌ఐఆర్ ఉంటే వీడి వీసా కదలదు. ఆయన నవ్వి, రెండూ వేర్వేరు కేసులన్నాడు. క్రిమినల్ కేసు అప్పటి ఐపీసీ 338 సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో తీవ్రగాయం చేయడం. అది కోర్టు అనుమతితో రాజీ చేసుకోదగినదే. రాజీ అయితే నిర్దోషిగా వదిలేసినట్టే, అయినా దానితో నష్టపరిహారం దావా పోదు. అట్లాగే చేశాం. లోక్ అదాలత్‌లో ఆ పిల్లవాడి పక్కన నిలబడి, నాకు ఇతని మీద ఏమీ లేదని చెప్పి సంతకం పెట్టాను. బయటికొచ్చాక వాడి తల్లి నన్ను పక్కకు పిలిచి, దోషం పోవడానికి ఏం చేయాలో చెప్పండి అయ్యగారూ, మీరే దగ్గరుండి చేయించండి అంది. నాకు తగిలిన దెబ్బకు నేనే ప్రాయశ్చిత్తం చేయించి నేనే దక్షిణ పుచ్చుకుంటే ఎట్లా ఉంటుంది? నిజామాబాద్‌లో ఇంకో ఆయన నంబరు ఇచ్చాను. ఏం చేయించాడో అడగలేదు. అది వాళ్ల సంగతి.

ఇక ట్రిబ్యునల్ సంగతి. అక్కడ నేను క్షమించడానికి ఎవరూ లేరు. కారు ఓనరు ఏటా ప్రీమియం కట్టిందే ఇట్లాంటి రోజు కోసం. నేను అడగకపోతే ఆ డబ్బు పిల్లవాడికి మిగలదు, నా యజమానులకు మిగలదు, కంపెనీ దగ్గర మిగులుతుంది. కంపెనీకి క్షమాభిక్ష పెట్టమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పినట్టు నేను చదవలేదు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో కంపెనీ వకీలు వడ్లతో మొదలుపెట్టాడు. రోడ్డు నడిమికి మీరే వచ్చారు కదా అన్నాడు. వడ్లున్నాయి, రాళ్లున్నాయి, వచ్చాను అన్నాను. వడ్లు ఎవరివన్నాడు. చీకట్లో వడ్ల మీద పేరు రాసి ఉండదు కదా అన్నాను. నిజంగానే నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. తర్వాత అసలు చోటికి వచ్చాడు: "దక్షిణకు రేటు ఉంటుందా? ఇంత ఇవ్వాలని మీరు అడుగుతారా?" లేదన్నాను. "అడగనిది, రసీదు లేనిది ఆదాయం ఎట్లా అవుతుంది?" అన్నాడు. మంచి ప్రశ్నే. దక్షిణకు వెల లేదని ముప్పై ఏళ్లుగా చెబుతూ వచ్చింది నేనే. ఇప్పుడు దాన్ని నెలకు ఇంత అని ప్రమాణం చేసి చెప్పాలి. వెల కట్టకూడనిది పోతే వెల కట్టి అడగడం తప్పవుతుందా? నా సమాధానం ఇది. వెల లేదంటే సున్నా అని కాదు. యజమాని తోచింది ఇస్తాడని శాస్త్రం అంది గానీ, ఏమీ ఇవ్వకపోయినా పర్వాలేదని అనలేదు. కోర్టులో ఇంత పొడవుగా చెప్పనివ్వరు కాబట్టి, "దాంతోనే ఇల్లు గడుస్తుంది సార్" అన్నాను.

ట్రిబ్యునల్ నెలకు 12,000 రూపాయలు వేసుకుంది. నేను చెప్పిన దానికన్నా తక్కువ, కంపెనీ ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ. నాకు 52 ఏళ్లు కాబట్టి, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 10 శాతం కలిపారు. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 51 నుంచి 55 ఏళ్లవాళ్లకు గుణకం 11. అంటే ఏడాదికి 1,58,400, దాన్ని 11తో గుణిస్తే 17,42,400. వయసు పెరిగిన కొద్దీ గుణకం తగ్గుతుంది, 60 దాటితే 7. జాతకంలో ఆయుర్దాయం గుణించిన నాకు ఈ పట్టిక చూస్తే నవ్వొచ్చింది. మా లెక్క కన్నా దీనికి కట్టుబాటు ఎక్కువ, అడిగినవాణ్ని బట్టి మారదు.

అసలు వాదం శాతం దగ్గర. మెడికల్ బోర్డు నా వైకల్యం 30 శాతమని రాసింది. చేయి ఉంది, వేళ్లు ఉన్నాయి, కాబట్టి డాక్టర్ల లెక్క వాళ్లది. కానీ 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక తేడా చూపించింది. ఒంటికి జరిగిన వైకల్యం వేరు, సంపాదనకు జరిగిన నష్టం వేరు. ఎడమచేయి పోతే డ్రైవరుకో, వడ్రంగికో నూటికి నూరూ పోయినట్టే. గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. కాబట్టి ముందు ఆ మనిషి ఏం పని చేస్తాడో చూడమంది. జడ్జిగారు నన్ను అరచేయి పైకి తిప్పమన్నారు. తిరగలేదు. ఆచమనం ఎట్లా చేస్తారో చూపించమన్నారు. ఖాళీ చేత్తో, కోర్టు హాల్లో, కేశవాయ స్వాహా అనకుండా చూపించాను. 50 శాతంగా తీసుకున్నారు. 8,71,200. మాండవ్యుడు యముణ్ని అడిగింది సరిగ్గా ఇట్లాంటి లెక్కే.

దీనికి నొప్పి, బాధ కింద వేరే కొంత, వైద్యం ఖర్చు, సహాయకుల ఖర్చు కలిపారు. సహాయకుల కాలమ్ చూసి మా ఆవిడ, "అంటే నేనా?" అంది. అవునన్నాను. నా చేత స్నానసంధ్యలు చేయించి, గణపతిని ఒత్తి, పంచె గోచీ పెట్టి పంపిన మనిషికి ఆ అంకె ఎంత తక్కువో చదివి చెప్పలేదు. ఇల్లాలి చాకిరీకి డబ్బు విలువ కట్టాల్సిందేనని 2021లో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ప్రత్యేకంగా రాశారు. దేశంలో ఆడవాళ్లు ఇంటిపనికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలేనని సర్కారు సర్వే లెక్క కూడా ఎత్తిచూపారు. అది ప్రాణం పోయిన కేసు. బతికి ఉండి చాకిరీ చేస్తున్నవాళ్ల లెక్క ఏ కాలమ్‌లోనూ సరిగ్గా రావడం లేదు.

నొప్పి కింద వచ్చిన డబ్బు గురించి అంకాపూర్ రైతు మళ్లీ అడిగాడు. నొప్పిని అమ్ముకున్నట్టు కాదా అని. అమ్మితే నొప్పి కొన్నవాడికి పోవాలి కదా, చలికాలం తెల్లారుజామున అది నా దగ్గరే ఉంటున్నది అన్నాను. ఆయనకు ఆ జవాబు నచ్చింది. నాకు అంతగా నచ్చలేదు. డబ్బు తీసుకున్నాక ఆ పిల్లవాడి మీద మిగిలిన చిన్న కోపం కూడా పోయింది. అది క్షమ వల్ల పోయిందా, చెక్కు వల్ల పోయిందా నేను తేల్చుకోలేదు. చెక్కు వల్లనే అయినా నష్టం లేదనుకుంటున్నాను. ఆకలితో ఉన్నవాణ్ని క్షమించమని అడగడం కన్నా, ముందు వాడి బాకీ తీర్చి తర్వాత అడగడం మర్యాద.

కంపెనీ హైకోర్టుకు పోయింది, బోర్డు చెప్పిన 30 శాతమే ఇవ్వాలని. మా వకీలు ఫోన్ చేసి, "మనం ఊరికే ఎదురు చెబుదామా, లేక శాతం ఇంకా పెంచాలని మనమూ వేద్దామా పంతులుగారూ?" అని అడిగాడు. ఆదాయం 12,000 కన్నా ఎక్కువని మొదటే చెప్పాను కాబట్టి దాని మీద కూడా వేయమన్నాను.